నాపరాళ్ల ఊళ్లో కంప్యూటర్ బడి

కాశింవలి బాధ ఏమిటంటే, పిల్లలు తగ్గిపోతున్నారు.

మొదటి వారం ముప్పై రెండు మంది వచ్చారు. దర్గా వెనక, ఉరుసుకు దూరాల నుంచి వచ్చేవాళ్లు పడుకోవడానికి కట్టిన పొడుగాటి గది అది. అందులో చోటు చాలక కొందరు గుమ్మంలో నిలబడి చూశారు. నాలుగో నెలకు పదకొండు మంది మిగిలారు. మొన్నటి గొడవ తర్వాత ఏడుగురే వస్తున్నారు.

ఆ ఊరు నాపరాళ్ల ఊరు. గనుల్లోంచి నల్లటి బండలు తీస్తారు, కోస్తారు, నున్నగా పాలిష్ పట్టి లారీల్లో పంపిస్తారు. ఊరంతా ఎప్పుడూ సన్నటి బూడిదరంగు దుమ్ము లేస్తూ ఉంటుంది. ఆరేసిన బట్టల మీద, తాగే నీళ్ల మీద, వేపాకుల మీద అదే దుమ్ము. పదో తరగతి అయీ కాకముందే పిల్లలు పాలిషింగ్ యూనిట్లకు పనికి పోతారు. కాశింవలి నాయన బండలు కోసే మిషను దగ్గరే పనిచేసి, దగ్గి దగ్గి పోయాడు.

కాశింవలి మాత్రం డిప్లొమా చదివి బెంగుళూరులో ఒక కంపెనీలో చేరాడు. ఆఫీసులో ఎవరి కంప్యూటరు మొరాయించినా అతనికి ఫోన్ చేసేవాళ్లు. తన కుర్చీలోంచి కదలకుండానే, తన తెర మీద వాళ్ల తెర తెరుచుకుని, రెండు నిమిషాల్లో సరిచేసి పెట్టేవాడు. ఏడేళ్లు ఆ పని చేశాడు. ఒక ఏడు కంపెనీ వాళ్లు పాత కంప్యూటర్లన్నీ తీసేసి కొత్తవి పెట్టుకుంటుంటే, "ఆ పాతవి మా ఊరి పిల్లలకు ఇప్పించండి సార్" అని మేనేజరును అడిగాడు. ఆయన ఇప్పించాడు. బండలు దించి ఖాళీగా వచ్చే లారీలో పరుపులు పరిచి, పద్నాలుగు కంప్యూటర్లను ఊరికి తెచ్చుకున్నాడు కాశింవలి. తెచ్చాక వాటిని వదిలి వెనక్కి పోబుద్ధి కాలేదు. ఉద్యోగం మానేసి, బస్టాండు దగ్గర జిరాక్సులూ ఆన్‌లైన్ దరఖాస్తులూ చేసే చిన్న అంగడి పెట్టుకుని, సాయంత్రం ఐదు నుంచి పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాడు.

అతను నేర్పడంలో లోపం వెదకడం కష్టం. ఒక్క పూట మానేవాడు కాదు. ప్రతి పిల్ల వెనకా, ప్రతి పిల్లోడి వెనకా నిలబడేవాడు. ఎవరి బాణంగుర్తు దారి తప్పినా భుజం మీదుగా వంగి, మౌసు అందుకుని, చిటికెలో సరిచేసి, "ఇంతే" అనేవాడు. వాళ్లు "ఓ" అనేవాళ్లు. మళ్లీ తప్పితే మళ్లీ వంగేవాడు.

మిషన్లంటే అతనికి ప్రాణం. అవి పాతవి. పోతే మళ్లీ రావు. అందుకే గోడకు ఒక అట్ట తగిలించాడు. దాని మీద ఎర్రటి అక్షరాలతో, 'పెట్టె ముట్టుకోరాదు. వైర్లు లాగరాదు. ఏమైనా అయితే సార్‌కు చెప్పాలి' అని రాసిపెట్టాడు. అయినా నాలుగు నెలల్లో ఐదు చచ్చిపోయాయి. ఒక్కొక్కటి ఆగిపోయినప్పుడల్లా దాన్ని మూలకు చేర్చి, పాత దుప్పటి కప్పేవాడు.

గొడవ రామతులసి దగ్గర వచ్చింది. ఆ పాపకు పదిహేడేళ్లు. పగలు పాలిషింగ్ యూనిట్లో పని, సాయంత్రం ఇక్కడికి. ఒకరోజు కాశింవలి కొంచెం ఆలస్యంగా వచ్చేసరికి, ఆ పిల్ల, బాగా నడుస్తున్న మిషన్ ఒకదాన్ని ఆపేసి, పెట్టె పక్క రేకు ఊడదీసి, పెయింటు బ్రష్షు పట్టుకుని లోపలికి తొంగి చూస్తోంది. కాశింవలికి ఒళ్లు మండిపోయింది.

"గోడ మీద ఏం రాసుండాదో చదవడం రాదా నీకు? ఇది మీ యూనిట్లో బండ అనుకుంటివా?"

అందరి ముందూ అన్నాడు. రామతులసి ఏదో చెప్పబోయింది. అతను గోడకేసి వేలు చూపించాడు. ఆ పాప బ్రష్షు చున్నీలో చుట్టుకుని వెళ్లిపోయింది. మర్నాడు రాలేదు. ఆ పిల్లతో పాటు వచ్చే ముగ్గురూ రాలేదు.

మంగళవారం పొద్దున కాశింవలి ఉసేనయ్య తాత దగ్గరకు పోయాడు.

ఉసేనయ్య తాతది దూదేకుల కుటుంబం. యాభై ఏళ్లకు పైగా విల్లు పట్టి దూది ఏకాడు. ఇప్పుడు ఆ పని కరెంటు మిషన్లకు పోయింది కాబట్టి దర్గా వరండాలో కూర్చుని దిండ్లు కుడుతుంటాడు. డెబ్భై ఆరేళ్లు. కష్టమొచ్చిన వాళ్లు, ఏ కులం వాళ్లయినా, ఆయన పక్కన వచ్చి కూర్చుంటారు. ఆయన మాట్లాడేది తక్కువ. నాయన పోయిన ఏడు, పన్నెండేళ్ల కాశింవలి అట్లాగే వచ్చి కూర్చున్నాడు. అప్పటినుంచీ ఆయన శిష్యుడే.

"తాతా, ఇంగ నావల్ల కాదు" అన్నాడు కాశింవలి.

తాత సూదిలోకి దారం ఎక్కిస్తున్నాడు. "ఏమయింది నాయనా?"

"వీళ్లకు శ్రద్ధ లేదు తాతా. ఎంత చెప్పినా మొదటికే వస్తారు. నిన్న చెప్పింది ఈ పొద్దు గుర్తుండదు. నేను ఉద్యోగం వదులుకుని వచ్చి చెప్తాంటే, వాళ్లకు ఆ విలువే తెలీడం లేదు."

తాత దారం చివర తడి చేసి మళ్లీ ప్రయత్నించాడు.

"పట్నంలో ఒక కాలేజీ వాళ్లు అడుగుతాండారు. మిషన్లు ఇస్తే వాళ్ల ల్యాబులో పెట్టుకుంటారంట. ఆదివారం బండి పంపిస్తామన్నారు. ఇచ్చేద్దామనుకుంటాండా. ఆడ చదువుకునే పిల్లోళ్లుంటారు. బాగా చూసుకుంటారు."

"ఇచ్చెయ్."

కాశింవలి ఆ మాటకు సిద్ధంగా లేడు. వద్దంటాడనీ, ఓపిక పట్టమంటాడనీ అనుకుని వచ్చాడు. రెండుమూడు జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాడు. ఇప్పుడు వాటితో పని లేకుండా పోయింది.

దారం సూదిలోకి ఎక్కింది. తాత దాన్ని ముడి వేసి, "ఆదివారానికి ఇంకా టైముంది గదా" అన్నాడు. "అవి పొయ్యే లోపల నాకు నేర్పించు."

"నీకా? ఏం నేర్పించల్ల?"

"నా పేరు రాసేది."

బుధవారం సాయంత్రం తాత వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, బొక్కెన నీళ్లతో కాళ్లు కడుక్కుని, తువ్వాలతో చేతులు రెండూ తుడుచుకుని, బిస్మిల్లా అనుకుని కుర్చీలో ఎక్కి బాసింపట్టు వేసుకున్నాడు. ఏడుగురు పిల్లలూ తమ పనులు వదిలేసి చుట్టూ చేరారు.

తాతకు అక్షరాలు తెలుసు. లారీల వెనక రాసిన రాతలు చూసి చూసి కూడబలుక్కోవడం నేర్చుకున్నాడు. రాయడం మాత్రం రాదు. కాగితాల మీద ఎప్పుడూ వేలిముద్రే.

కాశింవలి తెలుగు అక్షరాల చీటీలు అంటించిన కీబోర్డును ముందుకు జరిపాడు. మౌసు చేతికిచ్చాడు. తాత దాన్ని కోడిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. తెర మీద బాణం ఒక్క దూకు దూకి మూలకు పోయి దాక్కుంది.

"ఇట్ల తాతా" అని కాశింవలి ఆ చేతి మీద తన చెయ్యి వేసి బాణాన్ని వెనక్కి తెచ్చాడు.

తాత మళ్లీ కదిపాడు. అది ఈసారి కింద మాయమైంది. "కాదు తాతా, మెల్లగా, ఇట్ల." ఈసారి మౌసును తానే తీసుకుని తెర మీద రాయాల్సిన చోట నొక్కాడు. తాత కుడిచేతి చూపుడు వేలు 'ఉ' కోసం కీబోర్డు మీద తిరగసాగింది. మొదటి వరస అయింది. రెండో వరసలో సగం దాకా పోయింది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. "ఇదిగో" అని కాశింవలి 'ఉ' నొక్కాడు. తర్వాత 'స' ఎక్కడుందో చూపించాడు. చూపించే వేలే దాన్ని నొక్కింది కూడా. దానికి ఏత్వం పెట్టాడు. 'న' పెట్టాడు. 'య' కింద వత్తు రావాలంటే ఏం చెయ్యాలో చెప్తూ చెప్తూ అదీ చేసేశాడు. అక్షరాలు పెద్దవి చేశాడు. ఎర్రరంగు వేశాడు.

పది నిమిషాల్లో తెర నిండా 'ఉసేనయ్య' అని వెలిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తాత చేతులు ఎప్పటినుంచో ఒళ్లోనే ఉన్నాయి. ఆయన తెర వైపు చూశాడు. తర్వాత కాశింవలి చేతి వైపు చూశాడు.

"బాగుండాది" అని లేచి వెళ్లిపోయాడు.

గురువారం పొద్దున కాశింవలి అంగడి తాళం తీస్తుంటే తాత వచ్చి నిలబడ్డాడు.

"పద, నేర్పించు."

"నిన్న నేర్పించినా గదా తాతా?"

"నిన్న నువ్వు నేర్చుకుంటివి" అన్నాడు తాత. "ఈ పొద్దు నా వంతు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. వాన పడుతోంది, గొడుగు తెచ్చుకో అన్నంత మామూలుగా అన్నాడు. అందుకే అది కాశింవలికి ఇంకా లోతుగా దిగింది. అంగడి మళ్లీ మూసి, ఆయన వెంట దర్గా వెనక గదికి నడిచాడు.

ఈసారి కాశింవలి తాత వెనక నిలబడలేదు. పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

బాణం మూలకు పోయింది. తాత దాన్ని వెదుక్కున్నాడు. మళ్లీ పోయింది. మళ్లీ వెదుక్కున్నాడు. ఆరేడు సార్లయ్యాక దాన్ని మెల్లగా తోలుకు రావడం ఆయన చేతికి తెలిసింది. ఏకే విల్లు తాడు లాగి లాగి వంకరపోయిన చూపుడు వేలు అక్షరాల మీద ఒక్కొక్క గడి నడిచింది. 'ఉ' దొరికినప్పుడు ఆయన దాన్ని వెంటనే నొక్కలేదు. ఒక క్షణం దాని వైపు చూసి, తర్వాత నొక్కాడు. గట్టిగా నొక్కి పట్టుకునేసరికి తెర నిండా ఉ ఉ ఉ అని వరస పడింది.

కాశింవలి చెయ్యి మోకాళ్ల మధ్యనుంచి సగం పైకి లేచింది. మళ్లీ దిగింది. ఇంత కష్టమైన పని ఏడేళ్ల ఉద్యోగంలో ఎప్పుడూ చెయ్యలేదనిపించింది.

అదనంగా పడ్డ ఉ లను తుడిచే మీట తాతే కనుక్కున్నాడు. ముందు మూడు వేరే మీటలు నొక్కి చూశాడు. వాటిలో ఒకటి తెర మొత్తాన్ని తెల్లగా చేసేసింది. మొదటినుంచి మొదలుపెట్టాడు.

గంట గడిచేసరికి తెర మీద 'ఉసేనయయ' అని ఉంది.

"ఈయప్ప ఎవురో నాకు తెలీదు" అని తాత తనలో తాను నవ్వుకున్నాడు. "కడాన ఏదో ఎక్కువయింది గదా?"

జవాబు కాశింవలి నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగి, "నీకేమనిపిస్తాంది తాతా?" అన్నాడు.

అట్లా ఎవరినైనా అడగడం ఆ గదిలో అదే మొదటిసారి.

తాత కీబోర్డు మీదకు వంగాడు. రెండు య ల మధ్య ఏం పెట్టాలో వెదకడానికి ఇంకో ఇరవై నిమిషాలు పట్టింది. సున్నా పెట్టి చూశాడు. దీర్ఘం పెట్టి చూశాడు. చివరకు ఏదో ఒక మీట నొక్కి మళ్లీ 'య' నొక్కేసరికి, రెండో 'య' చటుక్కున చిన్నదైపోయి మొదటిదాని కింద చేరింది.

ఉసేనయ్య.

తాత కదల్లేదు. చాలాసేపు చూశాడు. తర్వాత వేలు చాపి తెర మీద ఒక్కొక్క అక్షరాన్నీ తాకాడు.

"దీన్ని తుడపాకు" అన్నాడు.

"తుడపను తాతా."

తాత లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ అడిగాడు. "ఆ పాప, రామతులసి... పెట్టె ఎందుకు తెరిచిందంట?"

కాశింవలి గోడ మీది అట్ట వైపు చూశాడు.

"అడగలేదా?"

జవాబు కోసం ఆగకుండా తాత వరండా వైపు పోయాడు.

ఆ మధ్యాహ్నం కాశింవలి పాలిషింగ్ యూనిట్‌కు వెళ్లాడు. రామతులసి ముఖానికి గుడ్డ కట్టుకుని, పాలిషు పట్టిన బండలను తుడిచి వరసగా నిలబెడుతోంది. కనురెప్పల మీద కూడా దుమ్మే. అతన్ని చూడగానే గుడ్డ కిందికి లాగి, "తప్పయింది సార్" అంది.

"తిట్టేదానికి రాలేదు పాపా. ఆ పొద్దు పెట్టె ఎందుకు తెరిచినావో తెలుసుకుందామని వచ్చినా."

ఆ పిల్ల నమ్మకం లేనట్టు చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది.

"అది మూలుగుతాండె సార్. ఈడ మోటార్లు కాలిపొయ్యే ముందర అట్లనే మూలుగుతాయి. లోపల దుమ్ము గట్టిపడి తిరగలేక. అప్పుడే ఆపేసి గాలి కొడితే బతుకుతుంది. లేకుంటే అంతే." ఒక్క క్షణం ఆగింది. "ముందర పోయిన ఐదూ అట్లనే మూలిగి పోయినాయి."

"ఐదూనా?"

"ఐదూ సార్. నేను విన్నా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పబోయినా. మీరు గోడ చూపించిరి."

మిషన్ల రొదలో ఆ చివరి మాట సరిగా వినపడలేదు. అయినా కాశింవలికి అర్థమైంది.

"తులసీ, ఒక మాట చెప్తా" అన్నాడు. "పెట్టె తెరిచే పని నాకూ రాదు. బెంగుళూరులో పెట్టె చెడిపోతే తీసేసి కొత్తది పెడతారు. నేను లోపలి రాతలు, ఆ సాఫ్ట్‌వేరు సరిచేసేవాడినే గానీ, మూత తీసి చూసింది లేదు. నాకే భయం. ఆ భయంతోనే ఆ అట్ట రాసినా."

రామతులసి ముఖంలో మొదటిసారి బెదురు పోయింది. "దాంట్లో భయమేముంది సార్?" అంది. "నాలుగు మరలే గదా."

శుక్రవారం సాయంత్రం కాశింవలి గోడ మీది అట్ట తానే ఊడదీశాడు. మూలనున్న ఐదు మిషన్ల మీది దుప్పటి తీసి దాన్ని నేల మీద పరిచాడు. ఐదు పెట్టెలనూ దాని మీద పెట్టి, పిల్లలతో చెప్పాడు. "ఇవి చచ్చిపోయినాయని నేననుకుంటాండా. కలిసి చూద్దాం. నాకూ కొత్తే."

రామతులసి బ్రష్షుతో పాటు యూనిట్లో గాలి కొట్టే చేతి మిషను అడిగి తెచ్చింది. మానేసిన ముగ్గురూ ఆ పిల్ల వెంట వచ్చారు. లారీ మెకానిక్ తమ్ముడు ఓబులేసు స్క్రూడ్రైవర్లు తెచ్చాడు. మొదటి పెట్టె రేకు ఊడగానే అందరూ "అమ్మో" అన్నారు. లోపల ఫ్యాను కనపడలేదు. దాని స్థానంలో బూడిదరంగు పిండి ముద్ద గట్టిపడి కూర్చుంది. ఈ ఊరి దుమ్మే. వాళ్ల నాయనలు పీల్చిన దుమ్మే. కాశింవలి దాన్ని వేలితో గీకి చూశాడు.

గోకారు, ఊదారు, తుడిచారు. తీసిన ప్రతి మరనూ తీసిన చోటు పక్కనే పెట్టుకున్నారు. అది ఓబులేసు పద్ధతి. మొదటి పెట్టెకు కరెంటు పెడితే ఉలుకూ పలుకూ లేదు. రెండోదీ అంతే. కాశింవలికి ఆశ జారిపోతోంది. మూడోది కరెంటు పెట్టగానే కీచు కీచుమని అరవడం మొదలుపెట్టింది.

"ఇదీ పోయినట్టే" అన్నాడు అతను.

"అరుస్తాంది గదా సార్" అంది రామతులసి. "అరుస్తాంటే ప్రాణం ఉండాదనే గదా."

ఇద్దరు పిల్లలు పక్కనున్న మంచి మిషను దగ్గర కూర్చుని, ఇట్లా అరిస్తే ఏమిటని వెదికారు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కొక్క ముక్క కూడబలుక్కుని చదివి, అనుమానం వచ్చినచోట ఒకరితో ఒకరు పోట్లాడుకుని, చివరకు తేల్చారు. లోపల ఒక పట్టీ ఉంటుంది, దాని బంగారు రంగు పళ్లకు మురికి పట్టి ఉంటుంది, పెన్సిల్ రబ్బరుతో రుద్దాలి. రబ్బరు ఎవరి దగ్గరా లేదు. ఒక పిల్ల పరుగున ఇంటికి పోయి తమ్ముడి సంచిలోంచి తెచ్చింది. ఓబులేసు రుద్దాడు. రామతులసి పట్టీ మళ్లీ బిగించింది.

మీట నొక్కారు. అరుపు లేదు. ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉండి, ఉండి, ఉండి, నీలంగా వెలిగింది.

పిల్లలు వేసిన కేకకు దర్గా మీది పావురాలన్నీ లేచిపోయాయి.

శనివారం ముగిసేసరికి ఐదింటిలో మూడు నడిచాయి. ఒకటి నిజంగానే చచ్చింది. ఇంకొకటి చచ్చిందో బతికిందో తేలలేదు, దాన్ని తెరిచే ఉంచి రోజూ చూద్దామనుకున్నారు. నడిచే తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా ఆపి దుమ్ము తీశారు. రామతులసి చెప్పినట్టు కిటికీలకు పాత పల్చటి చీరలు తడిపి కట్టారు. విషయం ఊళ్లో పాకింది. మానేసిన వాళ్లు ఒక్కొక్కరే ఏదో ఒక సాకుతో తొంగిచూసి, లోపలికి వచ్చి కూర్చున్నారు.

ఆదివారం పదింటికి కాలేజీ బండి వచ్చింది.

ఆ సంగతే కాశింవలి మరిచిపోయాడు. ల్యాబు చూసుకునే గంగిరెడ్డి సార్ బండి దిగి గదిలోకి వచ్చేసరికి ఇరవై మంది పిల్లలు నేల మీదా కుర్చీల మీదా ఉన్నారు. కాశింవలి ఎదురు పోయి, చేతులు జోడించాడు. "సార్, మీకు ఫోన్ చెయ్యాల్సింది. నాదే తప్పు. ఇవి... ఇవ్వలేను సార్."

గంగిరెడ్డి సార్ కోపంగా ఏదో అనబోయి ఆగాడు. ఆయన చూపు దుప్పటి మీద తెరిచి ఉన్న పెట్టె మీద పడింది. రామతులసి దాని ఫ్యానును చేతిలో పెట్టుకుని, ఇద్దరు పిల్లలకు ఏదో చెబుతోంది. ఆయన ప్యాంటు మోకాళ్ల దగ్గర పైకి లాక్కుని ఆ పిల్ల పక్కన కింద కూర్చున్నాడు.

"ఇవన్నీ ఎవరు బాగుచేసినారు?"

"మేమే సార్."

"యాడ నేర్చుకున్నారు?"

"ఈణ్ణే. నిన్నా మొన్నా."

ఆయన వాళ్లు బాగుచేసిన మూడింటినీ చూశాడు. ఒకదాని మూత తీయించి లోపల చూశాడు. తర్వాత కాశింవలి వైపు తిరిగాడు. "మా ల్యాబులో ఇట్లాంటివి ఇరవై దాకా మూల పడుండాయి. చూసే దిక్కు లేక. తెస్తే చూస్తారా?"

కాశింవలి నోటిదాకా వచ్చిన మాటను ఆపుకున్నాడు. రామతులసి వైపు చూశాడు. గంగిరెడ్డి సార్ కూడా అటే చూశాడు.

ఆ పిల్ల చేతిలోని ఫ్యానును దుప్పటి మీద పెట్టింది. "తీసుకురండి సార్" అంది. "ఊళ్లోకొచ్చే ముందర టార్పాలిన్ పట్టా కప్పండి. ఈడ దుమ్మెక్కువ."

బండి ఖాళీగా పోయింది. బుధవారం నిండుగా వచ్చింది.

తర్వాత రెండు నెలలకు జరిగింది ఇది.

కాశింవలి ఏదో పని మీద పట్నం పోయాడు. తిరుగు బస్సు చెడిపోయి నడిదారిలో గంటన్నర నిలిచిపోయింది. ఐదున్నర దాటాక ఊళ్లో దిగి, పిల్లలు ఏం చేస్తున్నారో ఏమోనని దర్గా దాకా దాదాపు పరుగెత్తాడు. ఆయాసపడుతూ గది గుమ్మంలో నిలబడ్డాడు.

లోపల ముప్పై మందికి పైగా ఉన్నారు. ఓబులేసు కాలేజీ పెట్టెల్లో ఒకదాన్ని తెరిచి కూర్చున్నాడు. షాహీన్ అనే పాప తెర మీద ఒక బొమ్మ గీస్తుంటే నలుగురు దాని గురించి వాదించుకుంటున్నారు. రామతులసి కొత్తగా చేరిన ఇద్దరితో ఉంది. ఎవరూ తలెత్తలేదు.

అతను ఇంకో నిమిషం నిలబడ్డాడు.

పెట్టెలోకి తలదూర్చి ఉన్న ఓబులేసు, అటు తిరక్కుండానే అన్నాడు. "ఎవరబ్బా అది గుమ్మంలో? వెల్తురు రావడం లేదు. కొంచెం పక్కకు జరగండి."

కాశింవలి జరిగాడు.

కాసేపు గోడకు ఆనుకుని, తర్వాత మెల్లగా వరండా వైపు నడిచాడు. తాత ఒక దిండులోకి దూది కూరుతున్నాడు.

"తాతా" అన్నాడు కాశింవలి. "పిల్లోళ్లు నన్ను పక్కకు జరగమన్నారు."

తాత చెయ్యి ఆగింది.

"జరిగినావా?"

"జరిగినా."

తాత అతని ముఖంలోకి చూశాడు. దిండు పక్కన పెట్టాడు. తాను కూర్చున్న చాప మీద కొంచెం పక్కకు జరిగి, ఖాళీ అయిన చోటును అరచేత్తో తుడిచాడు.

కాశింవలి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.